నీలిసంతలో పడవ బేరం

సముద్రం వెనక్కి నడిచింది.

తగ్గింది అంటే చాలదు. ఆటుపోట్ల మధ్యే పుట్టి పెరిగిన జాలరులు సైతం ఆ మధ్యాహ్నం నోళ్ళు తెరుచుకుని ఒడ్డున నిలబడిపోయారు. సూర్యుడు నడినెత్తికి వచ్చిన క్షణాన వజ్రకూట తీరంలో కెరటాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. నీళ్ళు నట్టనడుమ చీలాయి. కుడికీ ఎడమకీ జరిగి, ఏడు తాటిచెట్ల ఎత్తున రెండు గోడలై నిలిచాయి. గోడల్లో చేపలు తమ దారిన తాము ఈదుతూనే ఉన్నాయి. ఒక తిమింగలం అంచుదాకా వచ్చి, బండిచక్రమంత కన్ను ఇటు తిప్పి, మనుషులను కాసేపు చూసి, పెద్దగా చూడదగిందేమీ లేదనుకుందో ఏమో, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రెండు గోడల మధ్య తడి ఇసుక మీద నీలిసంత వెలిసింది. పన్నెండేళ్ళకొకసారి వెలుస్తుంది, పొద్దు గుంకగానే మునిగిపోతుంది. పగడపు స్తంభాలు, ఆల్చిప్పల పైకప్పులు. ఒక అంగడిలో గాలివానను సీసాలో బంధించి అమ్ముతున్నారు. ఇంకొక చోట వెండి ఆకుల తోట ఒకటి వేళ్ళతో సహా గోనెపట్టా మీద కూర్చుని కొనేవాడి కోసం చూస్తోంది. పాడే గుర్రాలున్నాయి, మాట వినే మేఘాలున్నాయి. కళ్ళు చెదిరి, ఎటు చూడాలో తెలియక, వచ్చినవాళ్ళందరూ ఒకరినొకరు గుద్దుకుంటూ నడుస్తున్నారు.

వాళ్ళలో ఇద్దరి సంగతే మనకు కావలసింది. మోకాళ్ళ పైకి పంచె, తలకు పాగా, చేతిలో చర్నాకోల. పశువుల బేరగాడి వేషంలో ఉన్న ఆ యువకుడు శంఖవర యువరాజు సోమధరుడు. పక్కన భుజాన ఎర్రటి తుండుగుడ్డ వేసుకుని నడుస్తున్న ముసలామె చెన్నసాని. పశువుల సంతల్లో నలభై ఏళ్ళు మధ్యవర్తిగా బతికిన మనిషి. అడవిలో పులి నోటి నుంచి తన కోడెదూడను యువరాజు కాపాడినందుకు, ఈ సాహసంలో తోడుంటానని తానే వెంటపడి వచ్చింది.

సోమధరుడి చెల్లెలు కువలయను కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి ఇక్కడే, ఈ సముద్రం అడుగునే, అద్దాలనది అవతలి ఒడ్డున పగడాల కోటలో బంధించాడు. ఈ సాయంత్రం చంద్రుడు పొడిచే వేళకు ఆ పిల్ల ఆయువంతా తాను పీల్చుకుంటాడు. అద్దాలనదిని దాటగల పడవ లోకంలో ఒక్కటే ఉంది. ఆ పడవ ఈరోజు సంతలో అమ్మకానికి వచ్చింది.

సంత వాకిట్లో, చెంపల మీద పొలుసులున్న ముసలి ద్వారపాలకుడు ఇద్దరినీ ఆపాడు. గుప్పెడు ముత్యాలు గాల్లోకి విసిరాడు. అవి తమంతట తామే దారంలోకి దూరి, దండలై వాళ్ళ మెడల్లో పడ్డాయి.

"ఇక్కడ వరహాలు చెల్లవు. ముత్యానికి ఏడాది ఆయువు. మీరింకా బతకాల్సిన ఏళ్ళే మీ మూట. నీకు నలభై ఒకటి. నీకు పదకొండు, అవ్వా."

"పదకొండా! నాలుగైదు ఉంటే గొప్పనుకున్నానే!" అని చెన్నసాని మురిసిపోయింది.

"సంతలో కత్తి దూయకూడదు, మంత్రం వేయకూడదు. పలికిన ధర పలికినట్టే, వెనక్కి తీసుకోవడం ఉండదు. పొండి."

సోమధరుడు పరుగులాంటి నడకతో సంతంతా దాటి చివరికి చేరాడు. చేరి, అలాగే నిలిచిపోయాడు.

అద్దాలనది అక్కడ పారుతోంది. పారుతోందని ఎలా తెలుస్తుందంటే, దానిలో కనిపించే ఆకాశం కదులుతోంది. నీటి చప్పుడు లేదు, తడి వాసన లేదు. కరిగించి పోసిన వెండిలా పలచగా, చల్లగా, ఇటు నీటిగోడ నుంచి వచ్చి అటు నీటిగోడలోకి పోతోంది. అవతల ఎర్రటి పగడాల కోట. దాని ఎత్తైన గవాక్షంలో చిన్న పసుపు చీరకొంగు కదిలింది.

"కువలయ! అవ్వా, అది నా చెల్లెలు!"

"అరవకు నాయనా. అవసరాన్ని మొహాన రాసుకుని బేరానికి పోకూడదు," అని చెన్నసాని అతని పాగా లాగి కళ్ళమీదికి దించింది.

రేవులో పడవ ఉంది. ఆహా, ఏం పడవ! హంస మెడలాంటి ముక్కు, ఆ ముక్కుకు నవరత్నాలు, చందనపు చెక్కల అంచులు, నెమలిపింఛాల గొడుగు. రేవు మెట్ల మీద ప్రయాణికుల వరుస పాములా మెలికలు తిరిగి ఉంది. పట్టుకుచ్చుల తలపాగా పెట్టుకున్న లావుపాటి ఓడవర్తకుడు పడవ పక్కన నిలబడి చేతులు నలుపుతున్నాడు. ఆ వర్తకుడు కరాళుడే. సంగతి మనకు తెలుసు, పాపం సోమధరుడికి తెలియదు.

"రండి బేహారీ, రండి! సంత మునిగినా ఈ రేవు మునగదు, రోజుకు ముప్పై మంది దాటుతారు. ఒక్కొక్కరూ ఒక రోజు ఆయువు సుంకం కడతారు. అంటే రోజుకొక నెల మీ దండలో చేరుతుంది. పన్నెండు రోజులకొక ముత్యం! కామధేనువును అమ్ముకుంటున్నాను, ఏం చేయను, పెద్దవాణ్ణయ్యాను. ఇరవై ముత్యాలు."

"ఇస్తాను," అన్నాడు సోమధరుడు.

చెన్నసాని నెత్తి కొట్టుకుంది. శంఖవర రాజవంశంలో ధర అడగడం నామోషీ, బేరమాడటం మహాపాపం. ఏ వస్తువైనా వేలితో చూపించడమే, వెనకున్నవాడు మూట విప్పడమే. పుట్టినప్పటి నుంచి అలా పెరిగినవాడికి వేషం మార్చడం ఎంతసేపు? నోరు మార్చడమే కష్టం. లోకంలో మొదటి మాటకు ఒప్పుకున్న పశువుల బేరగాడు ఇంతవరకూ పుట్టలేదు, ఇక పుట్టడు కూడా.

కరాళుడి కళ్ళు మెరిశాయి. వీడు బేరగాడు కాడు, యువరాజే! వెతుకుతున్న మనిషి కాళ్ళ దగ్గరికే వచ్చాడు! మెడలో నలభై ఒక్క ముత్యాలు. సంతలో చంపడానికి వీల్లేదు. కానీ ఉన్నవన్నీ పడవకే పోయించేస్తే, తెడ్డు ఎత్తలేని ముసలివాడై తనంతట తానే నదిలో పడతాడు. గుంపులో నిలబడి ఉన్న తన శిష్యుడు తాళజంఘుడికి కనుబొమ ఎగరేశాడు.

"ఇరవై రెండు!" అని అరిచాడు తాళజంఘుడు.

సోమధరుడి ముఖం ఎర్రబడింది. "ఇరవై ఐదు!"

"ఇరవై ఆరు!"

"ముప్పై!"

గుంపు మూగింది. దేనికెంత విలువో తెలియనివాళ్ళకు కూడా ఇద్దరు పోటీ పడుతుంటే ఆ వస్తువు బంగారంలా కనిపిస్తుంది. అంతదాకా పడవవైపు చూడనివాళ్ళు కూడా అయ్యో, మన దగ్గర అన్నేసి ముత్యాలు లేకపోయెనే అని చేతులు పిసుక్కుంటున్నారు.

చెన్నసాని మాత్రం పడవలోకి దిగింది. ఆమెకు రత్నాలు కనపడలేదు. సంతకు తెచ్చే ఆవు కొమ్ములకు రంగు పూస్తారని, పొదుగు నిండుగా కనపడాలని రెండు పూటలు పాలు పితకకుండా తోలుకొస్తారని ఆమెకు తెలుసు. పళ్ళు చూడాలి, గిట్టలు చూడాలి. పడవకు పళ్ళేమిటి? అడుగుపెట్టే మెట్టు. వంగి తడిమింది. రోజుకు ముప్పై మంది తొక్కే మెట్టు మీద నాచు మందంగా, మెత్తగా పరుపులా పెరిగి ఉంది. కట్టుతాడు చూసింది. ఒక్క పోగూ అరగలేదు. తెడ్లు వేసేవాడి చేయి పట్టుకుని పలకరించింది. అరచేతిలో ఒక్క కాయ లేదు.

పైకెక్కి ప్రయాణికుల వరుసను చూసింది. ముక్కు మీద పెద్ద పుట్టుమచ్చ ఉన్న ఒకాయన వరుస ముందుదాకా వచ్చి, గొడుగు చాటు నుంచి జారుకుని, మళ్ళీ చివర్లో నిలబడ్డాడు.

"మూడోసారి కదయ్యా నువ్వు?" అంది చెన్నసాని.

"నాలుగోసారమ్మా. కాళ్ళు పీకుతున్నాయి," అన్నాడాయన అమాయకంగా. "పొద్దు గుంకేదాకా నిలబడితే బుట్టెడు ఎండుచేపలిస్తామన్నారు."

ముసలామె వేళ్ళమీద లెక్క కట్టింది. ఈ పడవకు ఏడాదికి ముప్పై మంది వస్తే గొప్ప. అంటే ఏడాదికి ఒక్క నెల ఆయువు. ముప్పై ముత్యాలు పోస్తే అవి తిరిగి రావడానికి మూడు వందల అరవై ఏళ్ళు! ఆమె గుంపును మోచేతులతో పొడుచుకుంటూ వెనక్కి పరుగెత్తింది.

"ముప్పై ఏడు!" అంటున్నాడు తాళజంఘుడు.

"ముప్పై ఎనిమిది!" అనేశాడు సోమధరుడు.

అప్పుడు అందింది చెన్నసాని. వర్తకుడు చెవులు రిక్కించి పక్కనే ఉన్నాడు, మాట్లాడే వీలు లేదు. భుజం మీది తుండుగుడ్డ తీసి యువరాజు చేతి మీద కప్పింది. పశువుల సంతల్లో ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. దారిలో వారం రోజులు అతనికి ఆ విద్య నేర్పింది. ఇప్పుడు అతని మూడు వేళ్ళు పట్టుకుని గట్టిగా నొక్కింది. ఈ పడవ విలువ మూడు.

సోమధరుడు తెల్లబోయాడు. మూడా! తాను పలికింది ముప్పై ఎనిమిది. పలికిన మాట వెనక్కి పోదు. సంత చాటింపరి శంఖం ఎత్తుతున్నాడు. మూడుసార్లు ఊదితే బేరం ముగిసినట్టే. మొదటిసారి ఊదాడు.

చెన్నసాని క్షణం ఆలోచించింది. తర్వాత రెండు చేతులూ ఎత్తి, ఊరంతా వినేలా ఏడుపు కలిసిన నవ్వు నవ్వింది.

"నా బంగారు నాయనా! కొట్టేశావురా బేరం! లోపల చూసొచ్చాను, నలభై ఐదుకైనా చవకే! ఇంకా నీ మెడలో మూడు మిగిలాయి, ఎవరైనా అడ్డమొస్తే అవి కూడా పోసేద్దాం, పడవను మాత్రం వదలొద్దు!"

శంఖం రెండోసారి మోగింది.

కరాళుడికి ఆ మాట చెవిన పడింది. మూడు మిగిలాయి! ఎంత తిన్నా ఇంకో ముద్ద కోసం ఆకు గీకేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? కనుబొమ మళ్ళీ ఎగిరింది.

"ముప్పై తొమ్మిది!" అన్నాడు తాళజంఘుడు.

సోమధరుడి నోరు తెరుచుకుంది. గుడ్డ కింద ముసలామె అతని పిడికిలిని రెండు చేతులతో నొక్కిపట్టింది. దానర్థం, ఆగు.

ఎలా ఆగడం? కోట గవాక్షంలో పసుపు కొంగు మళ్ళీ ఊగింది. తనను గుర్తుపట్టిందో ఏమో, కువలయ చేయి ఊపుతోంది. పడవ వేరొకడి పాలవుతోంది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటే చాలు. సోమధరుడు పెదవి కొరుక్కున్నాడు. నెత్తురు చిమ్మింది. నోరు మాత్రం విప్పలేదు.

మూడోసారి శంఖం మోగింది.

"అమ్ముడైంది!" అని చాటింపరి గోడలు దద్దరిల్లేలా అరిచాడు. "కొన్నవాడా, విను. పడవా నీదే, పడవ ఇచ్చిన మాటా నీదే!"

తాళజంఘుడు అయ్యో అనేలోపే అతని మెడలోని దండ తెగింది. ముప్పై తొమ్మిది ముత్యాలు తేనెటీగల్లా లేచి వర్తకుడి మెడకు చుట్టుకున్నాయి. గుంపంతా హాహాకారాలు చేస్తూ వెనక్కి తగ్గింది. చూస్తుండగానే తాళజంఘుడి జుట్టు నెరిసింది, భుజాలు కుంగాయి, పళ్ళు ఒక్కొక్కటే ఇసుకలో రాలాయి. మెడలో ఆరంటే ఆరు ముత్యాలు మిగిలాయి. ఎదురుగా వర్తకుడి ముడతలు విచ్చుకుని, గడ్డం నల్లబడి, తలపాగా కింద నుంచి ఎర్రటి జడలు బయటపడ్డాయి.

"కరాళుడు!" అన్నాడు సోమధరుడు.

"గురువుగారూ," అని తాళజంఘుడు కాళ్ళమీద పడ్డాడు, "నావి నాకిచ్చేయండి. మీరు చెప్పమంటేనే కదా చెప్పాను!"

కరాళుడు తన కొత్త చేతులను తిప్పి తిప్పి చూసుకున్నాడు. వయసు తిరిగొస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. "కొన్నది నువ్వు నాయనా. బేరం బేరమే," అన్నాడు. తర్వాత సోమధరుడి వైపు తిరిగి నవ్వాడు. "పడవ నా శిష్యుడిది. నువ్వు ఒడ్డున కూర్చుని నీ చెల్లెలికి చేతులు ఊపుకో. సంత వాకిలి దాటితే నాకు రెక్కలొస్తాయి. చంద్రుడితో పాటు కోటకు చేరతాను."

అలా అని కాలితో శిష్యుణ్ణి పక్కకు తోసి, వాకిలి వైపు దూసుకుపోయాడు.

సముద్రపు గోడల్లో నీడలు పొడవవుతున్నాయి. తాళజంఘుడు ఇసుకలో కూలబడి, పళ్ళు ఏరుకుంటున్నాడు. చెన్నసాని వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చుంది. తుండుగుడ్డ పరిచింది.

"అమ్ముతావా, తాతా?" అంది. ఇందాకటిదాకా అతను ఆమె కొడుకు వయసువాడు.

"ముప్పై తొమ్మిదికి కొన్నానమ్మా! ఇరవై అయినా ఇవ్వండి."

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. నాచు పట్టిన మెట్టు నేను తడిమాను. చేయి పెట్టు."

గుడ్డ కింద బేరం మొదలైంది. అతను పది చూపించాడు, ఆమె రెండు. అతను ఏడు, ఆమె మూడు. ఎముకలు తేలిన ఆ వేళ్ళు గుడ్డ కింద పక్షిపిల్లలా కొట్టుకుంటున్నాయి. చివరికి అవి మూడు దగ్గర ఆగాయి. బేరం తెగింది. చెన్నసాని చేయి తీయబోయి, తీయలేదు. నిట్టూర్చి ఇంకొక వేలు కలిపింది.

"ఎందుకవ్వా? మూడుకు ఒప్పుకున్నాడుగా," అని సోమధరుడు అడిగాడు.

"వస్తువుకు మూడే నాయనా. నాలుగోది ఇతను ఇల్లు చేరడానికి. ఎక్కువ పోసి కొంటే నువ్వు చెడతావు, మరీ పిండి కొంటే ఆ ఉసురు పడవలో నీతో పాటు ఎక్కుతుంది."

నాలుగు ముత్యాలు ఎగిరి తాళజంఘుడి దండలో చేరాయి. సోమధరుడి కణతల దగ్గర రెండు వెంట్రుకలు నెరిశాయి, అంతే. ముప్పై ఏడేళ్ళు మెడలో పదిలంగా ఉన్నాయి.

"పడవా నీదే, పడవ ఇచ్చిన మాటా నీదే!" అని చాటింపరి మళ్ళీ అరిచాడు. సోమధరుడు వినీ విననట్టు తలూపి పడవలోకి దూకాడు.

తాళజంఘుడు రేవు దాకా పాకుతూ వచ్చాడు. "రాకుమారా! నది మధ్యకు పోయాక కిందికి చూడకండి!"

అడగడానికి వ్యవధి లేదు. పడమటి కాంతి ఎర్రబడింది. రెండు గోడలూ సన్నగా వణుకుతూ, పైనుంచి తుంపరలు రాలుస్తున్నాయి. సంతలో అంగళ్ళు ఎత్తేస్తున్నారు. సోమధరుడు రెండు తెడ్లూ తానే పట్టాడు. బలిసిన భుజాలు, బతకాల్సిన ముప్పై ఏడేళ్ళు. పడవ వెండి మీద జారిపోయింది. కింద ఆకాశం, పైన ఆకాశం, రెండింటి నడుమ వాళ్ళిద్దరూ. చెన్నసాని చేతులు జోడించింది. ఎర్రటి మేఘాలు పడవ అడుగున దొర్లుకుంటూ పోతున్నాయి. వాటి కిందుగా చుక్కలు అప్పుడే వెలుగుతున్నాయి.

కోట దగ్గరవుతోంది. గవాక్షంలో కువలయ ముఖం కూడా కనిపిస్తోంది. పైన, నీటిగోడ అంచున, జడలు విరబోసుకున్న ఒక పెద్ద గద్ద ఆకారం రెక్కలు విప్పింది.

సరిగ్గా నది నడుమ పడవ ఆగింది.

తెడ్డు వేశాడు, కదల్లేదు. భుజాలు పగిలేలా లాగాడు, కదల్లేదు. అప్పుడు ఇద్దరూ కిందికి చూశారు.

ముఖాలు. వెండి నీటి కింద వందల ముఖాలు, ఆకాశం వైపు ఎత్తి ఉన్నాయి. ముసలివాళ్ళు, పెళ్ళికూతుళ్ళు, నెత్తిన మూటలున్న బాటసారులు, చంకన బిడ్డలున్న తల్లులు. వాళ్ళ చేతులు మెల్లగా పైకి వచ్చి పడవ అంచును పట్టుకున్నాయి. ముఖాలన్నీ ఒక్క గొంతుతో అన్నాయి: "దాటించండి. మేం సుంకం కట్టాం."

చెన్నసాని కూలబడిపోయింది. "నాచు ఎందుకు పట్టిందో ఇప్పుడు తెలిసింది. సుంకం పట్టుకుని ఒక్కరినీ దాటించలేదు ఆ పాపిష్టివాడు. పళ్ళు చూశాను, గిట్టలు చూశాను, ఎక్కినవాళ్ళ లెక్కే కట్టాను. ఎక్కనివాళ్ళ సంగతి అడగలేదు నాయనా. నలభై ఏళ్ళ నా అనుభవం ఏట్లో కలిసింది!"

పడవ ఇచ్చిన మాటా నీదే. సోమధరుడి చెవుల్లో ఆ అరుపు ఇప్పుడు మోగింది. వీళ్ళను వదిలి పడవ కదలదు. వీళ్ళందరినీ ఎక్కించుకుంటే చంద్రుడు పొడిచేలోగా చేరగలడో లేదో. గద్ద రెక్కల నీడ నది మీద పడింది.

అతను మోకాళ్ళ మీద వంగి, అంచు పట్టుకున్న మొదటి చేతిని పట్టుకున్నాడు. నుదుట పెద్ద బొట్టుతో ఉన్న ఒక తల్లి చేయి అది. శంఖవర రాజవంశంలో ఏ రాజూ ఏనాడూ అడగని ప్రశ్న అడిగాడు.

"ఎంత ఇచ్చావమ్మా?"

"ఒక్క రోజన్నాడు నాయనా, ఇచ్చాను," అందామె. "దాటించేదాకా ఈ నది వదలదట. మూడు వందల ఏళ్ళయింది, ఇక్కడే ఉన్నాను."

సోమధరుడు ఆమెను పైకి లాగాడు. నాచు పట్టిన మెట్టు మీద మొదటి అడుగు పడింది. పడవ బొటనవేలంత కిందికి దిగి, బొటనవేలంత ముందుకు కదిలింది. నీళ్ళలో నుంచి ఇంకో చేయి పైకి వచ్చింది.